రాణి వెనక ముసలిది

మా మావయ్య, మా పాటల బృందంలో కీబోర్డు వాయించే కళ్లద్దాలాయన వేళ్లు విరగ్గొట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

కీబోర్డును మోసుకెళ్లడానికి ఒక పెట్టె ఉంటుంది. చెక్క పలకలు, అల్యూమినియం అంచులు, మూలలకు ఇనప తొడుగులు. దాని మూత ఎత్తాలంటే మగవాడైనా ఒకసారి ఊపిరి బిగపట్టాలి. కార్యక్రమం అయిపోయాక కళ్లద్దాలాయన తన కీబోర్డును అందులో సర్దుతున్నాడు. చేతులు ఇంకా పెట్టె అంచు మీదే ఉన్నాయి. మావయ్య నవ్వుతూ వచ్చాడు, నవ్వుతూనే మూత వేశాడు. వేసి, దాని మీద కూర్చున్నాడు. కూర్చుని జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

కళ్లద్దాలాయన చేసిన నేరం ఏమిటంటే, పాట మధ్యలో ఆయన కంప్యూటర్ బిగుసుకుపోయింది. ముందురోజే ఎవరికీ చెప్పకుండా ఏదో కొత్త సింథ్, అంటే శబ్దాలు పుట్టించే సాఫ్ట్‌వేర్, ఎక్కించాడట. ఒకే ఒక్క స్వరం, లారీ హారన్‌లా, ఆపే నాథుడు లేక పాట చివరిదాకా మోగుతూనే ఉంది. మావయ్య ఆ హారన్ మీదే పాడాడు. జనం ఈలలు వేసి నవ్వుతుంటే తనూ నవ్వాడు. ఆయన నవ్వితేనే మాకు భయం, అరిస్తే కాదు.

"వాడి కోపం పాలపొంగే, ఇట్టే చల్లారిపోతుంది," అంది అమ్మ ఇంటికొచ్చాక. మావయ్య ఆవిడ సొంత తమ్ముడు. నాన్న పోయాక మమ్మల్ని చేరదీసిందీ ఆయనే, ఇల్లూ ఆయనదే, పాటల బృందమూ ఆయనదే. అమ్మ ఆ బృందానికి బట్టలు కుట్టేది, ఇస్త్రీ చేసేది, ఆయన చేసినవాటికి సర్దిచెప్పేది. మూడో పనే ఎక్కువ.

"పాలు పొంగితే పొయ్యి పాడవుతుందమ్మా. చేతులు విరగవు," అన్నాను.

"నోరు తగ్గించుకో. అన్నీ నీకే కావాలి."

ఆ వారమే సాధన గదిలో మావయ్య మా తమ్ముడి భుజం తట్టి, "ఇంక ఆ సీట్లో నువ్వే కూర్చో," అన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. వాడికి ఇరవై రెండేళ్లు, లేత బెండకాయల్లాంటి వేళ్లు, కీబోర్డు తప్ప లోకంలో ఇంకేమీ పట్టదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే గదిలోంచి లేచి వెళ్లిపోయే రకం. నేను మాత్రం ఆ పెట్టె మూత వైపు చూశాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. వాడి వేళ్లు వాడికి మిగలాలి.

*

మా బృందంలో శబ్దాలు వండేది నేను. సింథ్ అనగానే జనానికి తెల్లవీ నల్లవీ మీటలున్న కీబోర్డే గుర్తొస్తుంది. మాకు కీబోర్డు ఉత్త మీటలే, దానికి సొంత గొంతు లేదు. గొంతంతా పక్కనున్న లాప్‌టాప్‌లో, సాఫ్ట్‌వేర్ సింథ్‌లో ఉంటుంది. వేణువు కావాలన్నా, వయొలిన్ల గుంపు కావాలన్నా, లోకంలో లేని శబ్దం ఏదైనా కావాలన్నా అందులో తయారుచేసి తమ్ముడి వేళ్ల కింద పెట్టేది నేను. పెట్టి, స్టేజీ తెర పక్కన చీకట్లో నిలబడేదాన్ని.

నలుగురు వాద్యకారుల్ని ఒక గదిలో పెట్టి, మీకు ఇష్టమైన సింథ్ ఏదని అడిగి, తలుపు వేసి వచ్చేయండి. తలలు పగుల్తాయి. ఒకడు బేస్ అంటాడు, ఒకడు వెచ్చదనం అంటాడు, ఒకడికి బొమ్మలూ లైట్లూ కావాలి, ఇంకొకడికి పదివేల రెడీమేడ్ శబ్దాలుండాలి. ఆ పదివేలలో వాడు వాడేది పదకొండు. వీళ్లందరూ ఇంట్లో కూర్చుని వాయించుకునేవాళ్లు. ఇంట్లో సింథ్ చచ్చిపోతే టీ తాగి వచ్చి మళ్లీ తెరుచుకుంటారు. మా దగ్గర చచ్చిపోతే పెట్టె మూత పడుతుంది.

అందుకని నా లెక్క వేరు. మంచి సింథ్ నిన్న ఎలా తెరుచుకుందో ఈరోజూ అలాగే తెరుచుకోవాలి. ఏళ్ల కిందట దాచిన శబ్దాన్ని పిలిస్తే, కంప్యూటర్ తెర మీది ప్రతి తిప్పుడు మీటా ఆనాడు వదిలిన చోటే కనబడాలి. కొంచెం తిప్పితే కొంచెమే మారాలి, గట్టిగా తిప్పితే గట్టిగా మారాలి. అంతేగానీ గోరు తగలగానే గోల చెయ్యకూడదు. ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దానికి మారుతుంటే గాల్లో ఉన్న స్వరాన్ని పీక నొక్కి చంపకూడదు. లాప్‌టాప్ బలాన్నంతా తనే మింగేయకూడదు, పక్కవాటికి ఊపిరి మిగల్చాలి. అన్నిటికంటే ముఖ్యం, వేలు తియ్యగానే నోరు మూసుకోవాలి. ఈ ఒక్క గుణం మనుషులక్కూడా ఉంటే ఎంత బాగుండు!

అది తెలుసుకునే మార్గం ఒకటే, కొట్టడం. నేను సింథ్‌లను కొట్టేదాన్ని. మోచేతుల దాకా రెండు చేతులూ మీటల మీద పడేసి తొక్కేదాన్ని. వాయిస్తుండగా వైరు పీకి మళ్లీ గుచ్చేదాన్ని. లాప్‌టాప్‌కి దుప్పటి కప్పి అది కాలిపోయేంత వేడెక్కాక, స్వరాల్ని ఆగకుండా పట్టి ఉంచే పెడల్‌ని చెప్పుకాలితో తొక్కిపట్టి, శబ్దం మీద శబ్దం మార్చేదాన్ని. చాలావాటికి అక్కడే నూకలు చెల్లేవి. ఒకటి వైరు పీకగానే కుప్పకూలింది. ఇంకోటి ఏ స్వరాన్నీ వదలకుండా పట్టుకుని ఏడ్చేది, దానికి ఏడుపుగొట్టుది అని పేరు పెట్టాం. డ్రమ్స్ వాయించే బాబాయ్ గుమ్మంలో నిలబడి చూసి, "ఎవరి మీద కోపమే ఇది?" అని అడిగేవాడు. ఇప్పుడు దీన్ని కొడితే, అప్పుడు మావాణ్ణి కొట్టరు. అంతే నా సిద్ధాంతం.

అన్ని దెబ్బలకీ తట్టుకున్నది ఒక్కటే, ముసలిది. కంప్యూటర్ తెర మీద బూడిదరంగు కిటికీ, వాషింగ్ మెషీన్ మీదుండేలాంటి మీటలు. శబ్దం పుట్టించేవి రెండు, దాన్ని చెక్కే ఫిల్టర్ ఒకటి, అంతకుమించి హంగులేమీ లేవు. ఎవడో ఒక్కడే కూర్చుని తయారుచేశాడట, ఏదైనా చెడితే బాగుచేస్తాడు, చెడకపోతే జోలికి పోడు. దాన్ని ఎంత కొట్టినా, వేళ్లు తీసి మళ్లీ పెట్టగానే, ఏమీ జరగనట్టు పలికేది. నాకు ఏ మనిషి మీదా అంత నమ్మకం లేదు.

*

పెద్ద హాల్లో కార్యక్రమం ఖాయమైంది. అంతలో మావయ్య ఇంకో గాయకుడి కచేరీకి వెళ్లొచ్చాడు. అక్కడ మొదటి పాటలో ఏదో శబ్దం విన్నాడట, గాజు మీద ఎవరో ఊపిరి వదిలినట్టుందట. దాని పేరు కూడా కనుక్కుని వచ్చాడు. మేం దాన్ని రాణి అంటాం. కిటికీ నిండా నీలం దీపాలు, వాయిస్తుంటే అవి నాట్యం చేస్తాయి, మధ్యలో ఒక చక్రం తిరుగుతుంది.

"మన మొదటి పాటకి అదే కావాలి," అన్నాడు.

పరీక్షించాను. నిజం చెప్పాలి, ఒంటరిగా పలికించినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. తమ్ముడైతే దాని ముందు కళ్లప్పగించి కూర్చుండిపోయాడు. కానీ మిగతా వాద్యాలన్నిటితో కలిపి, గది వేడెక్కాక, రెండు చేతులూ పెడలూ పడేసరికి మొదలైంది, కాగే నూనెలో నీళ్లు పడ్డట్టు చిటపట. పైన పటారం, లోన లొటారం. యంత్రం ఊపిరంతా తనే పీల్చేసుకుని, చాలక, అందర్నీ చంపి తనూ చస్తుంది.

"ఇది స్టేజీ మీదకి పనికిరాదు మావయ్యా. మధ్యలో చిట్లుతుంది," అన్నాను.

"వాళ్లకి చిట్లలేదే?"

"వాళ్ల యంత్రం వేరు. వాళ్లు దీనొక్కదాన్నే..."

చెంపదెబ్బ కొట్టాడు అని రాస్తే తేలిగ్గా కనబడుతుంది. తల తిరిగి గోడకి తగిలింది. నోట్లో ఉప్పగా అయింది. లేవబోతుంటే జుట్టు పట్టుకుని మళ్లీ గోడకి ఆనించి, నెమ్మదిగా, ముద్దుగా చెప్పాడు: "నాకు రాణి కావాలి తల్లీ. అది చిట్లితే చిట్లించినవాడి వేళ్ల సంగతి నేను చూసుకుంటా." తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు ఆయనకి.

తమ్ముడు అక్కడే ఉన్నాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని, కీబోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చేతులు జేబుల్లోనే ముడుచుకుపోయాయి. భయపడ్డాడనుకున్నాను. అమ్మ మంచుముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి నా చెంపకి ఒత్తి, "పెద్దవాళ్లకి ఎదురు చెప్తావెందుకే," అంది.

అడకత్తెరలో పోకచెక్క అయింది నా పని. రాణిని పెడితే తమ్ముడి వేళ్లు పోతాయి, పెట్టకపోయినా పోతాయి. ఆ వాపు చెంపతోనే కూర్చుని, ముసలిదాని చేత రాణిలా పలికించడం మొదలుపెట్టాను. రెండు శబ్దాల్లో ఒకదాన్ని వెంట్రుకవాసి దించాను. ఫిల్టర్ ఆలస్యంగా తెరుచుకునేలా చేశాను. మీట నొక్కిన తొలి క్షణంలో కొంచెం హోరు కలిపాను, అదే ఊపిరి అవుతుంది. చివర్లో సన్నటి ప్రతిధ్వని. పనైపోయాక తమ్ముణ్ణి కళ్లు మూసుకోమని ఒకటీ ఒకటీ వినిపించాను.

"మొదటిది రాణి," అన్నాడు.

"కాదు, ముసలిది."

వాడు కళ్లు తెరిచి నవ్వాడు. "అక్కా, నువ్వు దొంగవే!"

దొంగతనం అక్కడితో ఆగలేదు. రాణి కిటికీని ఫొటో తీసి, ఆ బొమ్మని తెర నిండా పెట్టాను. వెనక పలికేది ముసలిది, ముందు కనబడేది రాణి. సాధనకి వచ్చిన మావయ్య ఆ బొమ్మని చూస్తూ, ముసలిదాన్ని వింటూ, కళ్లు మూసుకుని తల ఊపాడు.

"అదీ! రాణి అంటే రాణే! నీ ముసలిదానికి ఈ జన్మలో వస్తుందా ఇది?"

బాబాయ్‌కి ఉన్నట్టుండి దగ్గు ముంచుకొచ్చింది. బయటికెళ్లి చాలాసేపు దగ్గాడు. నేను మాత్రం పెదవి కొరుక్కుని, "లేదు మావయ్యా, ఎక్కడొస్తుంది," అన్నాను. చాలా రోజుల తర్వాత ఆ రోజు నాకు తృప్తిగా నిద్రపట్టింది.

*

కార్యక్రమం రోజు పొద్దున హాల్లో అన్నీ పరీక్షించాను. పరీక్ష అయ్యాక ఎవరూ దేన్నీ కదపకూడదు, అది నా చట్టం. ఆ చట్టం మా తమ్ముడికి నాకంటే బాగా తెలుసు.

అయినా కదిపాడు. నేను భోజనానికి వెళ్లినప్పుడు వాడికో అనుమానం వచ్చిందట. ఫొటోలో దీపాలు ఆడవు, చక్రం తిరగదు. మావయ్య స్టేజీ మీద దగ్గరికొచ్చి చూస్తే? అక్క మళ్లీ దెబ్బలు తింటుంది. అందుకని ఫొటో తీసేసి, నిజం రాణినే తెరిచి, దాని సౌండు సున్నా చేసి పెట్టాడు. దీపాలు ఆడతాయి, శబ్దం రాదు, పలికేది ముసలిదే. నాకు చెప్తే కంగారుపడతానని చెప్పలేదు.

కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది. సౌండు సున్నా చేసినంత మాత్రాన సింథ్ పని మానదు. వాడు నొక్కే ప్రతి స్వరమూ రాణికి అందుతూనే ఉంటుంది, అది ఒళ్లు విరుచుకుని మొత్తం తయారుచేసి, చివర్లో సున్నాతో గుణించి పారేస్తుంది. వంటంతా వండి మురిక్కాలవలో పోసినట్టు. యంత్రానికి మాత్రం చాకిరీ తప్పదు. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసినవాడు కూడా నా గురించి భయపడుతున్నప్పుడు మర్చిపోయాడు.

సాయంత్రం హాలు నిండింది. స్టేజీ మీద దీపాలు వెలిగాయి. మొదటి స్వరాలు నేననుకున్నట్టే పలికాయి, ముందు వరసలో ఒకావిడ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. మావయ్య అందుకున్నాడు. మనిషి రాక్షసుడైనా గొంతు మాత్రం బంగారం, ఆ మాట ఒప్పుకోవాలి. పాట పైకి వెళ్లేచోట తమ్ముడు రెండు చేతులూ దింపి పెడల్ తొక్కాడు.

చిటపట మొదలైంది.

అది రాణి చప్పుడని తెలుసు, రాణి అక్కడ ఎందుకుందో తెలీదు. ముసలిదాని గొంతు తెగింది, మళ్లీ అతుక్కుంది, మళ్లీ తెగింది. పెద్ద స్పీకర్లలో ఆ చిటపట టపాసుల్లా పేలింది. జనంలో ఎవరో కేక వేశారు. తమ్ముడు కుడిచేత్తో వాయిస్తూనే ఎడమచేత్తో లాప్‌టాప్‌ని అందుకుని రాణిని మూసేశాడు. అంతే, చప్పుడు ఆగిపోయింది. ముసలిది చావలేదు. ఊపిరి దొరకగానే, ఎక్కడ వదిలిందో అక్కడే అందుకుని పలికింది. మిగతా కార్యక్రమమంతా ఒక్క స్వరం కూడా తప్పలేదు.

కానీ మావయ్య పాడుతూ పాడుతూ తమ్ముడి దగ్గరికి నడిచాడు. లాప్‌టాప్ తెర చూశాడు. నీలం దీపాలు లేవు. బూడిదరంగు కిటికీ, అందులోంచి అదే గాజు శబ్దం. ఆయన కళ్లు తెర మీంచి తమ్ముడి మీదకి, అక్కణ్ణించి స్టేజీ తెర పక్కనున్న నా మీదకి వచ్చాయి. నవ్వాడు. చివరి పాట దాకా ఆ నవ్వు అలాగే ఉంది.

*

చప్పట్లు ఇంకా ఆగలేదు. బాబాయ్ వాళ్లు స్టేజీ మీద డ్రమ్స్ విప్పుతున్నారు. వేషాలు మార్చుకునే గదిలో తమ్ముడు కీబోర్డుని పెట్టెలో పెడుతుంటే నేను వెనకే పరిగెత్తాను. "వదిలెయ్, పోదాం పద, ముందు బయటికి పద," అని చొక్కా పట్టుకుని లాగుతుండగానే మావయ్య వచ్చి గడియ పెట్టాడు.

"అయితే ఇన్నాళ్లూ నాకు ముసల్దాన్ని వినిపించారన్నమాట," అన్నాడు.

"నేనే చేశాను. వాడికేం తెలీదు," అన్నాను.

"నీ సంగతి తర్వాత." తమ్ముడి వైపు తిరిగాడు. "చేతులు పెట్టరా."

పెట్టాడు. మా తమ్ముడు నిజంగానే పెట్టాడు. రెండు చేతులూ తీసి ఆ పెట్టె అంచు మీద, పాఠం వినే పిల్లాడిలా, వేళ్లు చాపి పెట్టాడు. ఆ వేళ్లని చూస్తే నాకు ఒళ్లు తెలీలేదు. మావయ్య మూత ఎత్తుతుంటే వెళ్లి ఆయన ముంజేతిని కొరికాను. పళ్లు దిగేదాకా కొరికాను. ఆయన మూత వదిలి నా మెడ పట్టుకుని అద్దం మీదకి తోశాడు. అద్దం చుట్టూ ఉన్న బల్బులు పగిలాయి. నుదురు చీలింది, కళ్లలోకి వేడిగా కారింది. ఆయన నన్ను వెనక్కి లాగి రెండోసారి తోశాడు. మూడోసారి తోయలేదు.

తమ్ముడు కొట్టాడు. అరవలేదు, తిట్టలేదు. మొదటి గుద్దుకే మావయ్య కుర్చీతో సహా కింద పడ్డాడు. తమ్ముడు ఆయన గుండెల మీద కూర్చున్నాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, తాళం తప్పకుండా గుద్దాడు. నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, గొంతులోంచి నవ్వు కూడా వచ్చింది. కళ్లద్దాలాయన కోసం ఒకటి, నా చెంప కోసం ఒకటి అనుకున్నాను. మావయ్య ముక్కు పక్కకి వాలిపోయింది. పన్ను ఒకటి నేల మీద దొర్లింది.

అప్పుడు పెన్సిల్ విరిగినట్టు ఒక చప్పుడైంది. అది మావయ్యది కాదు. తమ్ముడి కుడిచెయ్యి.

వాడు ఆగలేదు. ఆ విరిగిన చేత్తోనే మళ్లీ కొట్టాడు. మావయ్య చేతులు అడ్డం పెట్టడం ఎప్పుడో మానేశాడు, తల ఎటు కొడితే అటు తిరుగుతోంది. "చేతులు రా! ఒరేయ్, నీ చేతులు!" అని అరుస్తూ వెనకనుంచి వాడి నడుం పట్టుకున్నాను. మోచేత్తో నా పక్కటెముకల మీద పొడిచాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆ కళ్లకి నేనెవరో తెలీదు. మేనమామ పోలిక అంటారు చూడండి, అది ముక్కులోనో నడకలోనో ఉంటుందనుకుంటాం.

సింథ్‌లన్నిటినీ చితక్కొట్టి పరీక్షించాను. వైర్లని, పెడల్‌ని, ఆఖరికి ప్లగ్గుల్ని కూడా. ఎంత దెబ్బకి ఏమవుతాడో నేను ఒక్కసారి కూడా ఆలోచించని వస్తువు ఆ స్టేజీ మీద మా తమ్ముడొక్కడే.

బయట ఎవరో తలుపు బాదుతున్నారు. వెళ్లి గడియ తీశాను. అమ్మ. చేతిలో ఇస్త్రీ చొక్కాలు ఉన్నాయి. నా నుదుటి మీద నెత్తురు చూసింది, విరిగిన చేత్తో గోడకి ఆనుకుని వగరుస్తున్న కొడుకుని చూసింది. మమ్మల్నిద్దర్నీ దాటుకుని వెళ్లి, నేల మీద కూర్చుని, మావయ్య తల ఒళ్లో పెట్టుకుంది. కొత్త చొక్కాలతో ఆయన మొహం తుడుస్తూ, "తమ్ముడూ... ఒరేయ్ తమ్ముడూ..." అని పిలిచింది.

నాకు అసహ్యం వేసింది. "అమ్మా, వాడి చెయ్యి చూడవే!"

"నీ తమ్ముణ్ణి నువ్వు చూసుకో," అంది తలెత్తకుండా. "నా తమ్ముణ్ణి నన్ను చూసుకోనీ."

*

ఆసుపత్రికి బాబాయ్ తన వ్యానులో తీసుకెళ్లాడు. వెనక సీట్లో అమ్మ ఒడిలో మావయ్య తల. ఆయన గొంతులోంచి గురగుర శబ్దం వస్తోంది. తమ్ముడు నా భుజం మీద తల వాల్చి, వాచిన చేతిని ఎవరిదో వస్తువులా ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ ఎవరితోనూ కాకుండా మాట్లాడటం మొదలుపెట్టింది.

"మా నాన్న నన్ను బెల్టుతో కొడుతుంటే వీడే అడ్డమొచ్చాడు. అప్పుడు వీడికి నా కొడుకు వయసే. చీమకి కూడా హాని చేసేవాడు కాదు. ఆ రోజు వీడు నాన్న దవడ పగలగొట్టాడు. నా కోసమే కదా అని నేను ఎవరికీ చెప్పలేదు. నాన్నే మెట్ల మీంచి పడ్డాడని చెప్పా. తర్వాత ఇంకోడిని కొట్టాడు. అదీ సర్దిచెప్పా." మావయ్య జుట్టు వెనక్కి సర్దింది. "అక్కనే కదా. ఏం చేస్తాను మరి."

వ్యాను గతుకుల్లో ఊగుతుంటే నేను ఆవిడ చేతుల్నే చూశాను. మావయ్య జుట్టు సర్దుతున్న ఆ చేతులు ఎంత అలవాటుగా సర్దుతున్నాయో. ఆ రోజుదాకా ఆవిడ నాకు అమ్మే. ఆవిడా ఒకరికి అక్కేనని, నేనెంత ప్రాణం పెట్టి తమ్ముణ్ణి కాచుకున్నానో ఆవిడా అంతే కాచుకుందని అప్పుడు తెలిసింది. కాచుకుని కాచుకుని ఎవర్ని తయారుచేసిందో కూడా తెలిసింది.

మావయ్యని లోపలికి తీసుకెళ్లారు. దవడ రెండుచోట్ల విరిగిందన్నారు, ఒక కంటి చూపు సంగతి రేపు గానీ చెప్పలేమన్నారు. పాడటం గురించి ఎవరూ అడగలేదు. నా నుదుటికి కుట్లు వేశాక, డాక్టరు తమ్ముడి చేతి ఎక్స్‌రేని దీపం ముందు పెట్టి చూశాడు. నా వయసువాడే, నిద్రలేని కళ్లు.

"చిటికెన వేలు, ఉంగరం వేలు, రెండింటి కిందా ఎముకలు విరిగాయి. ఇతను ఏం చేస్తుంటాడు?"

"కీబోర్డు వాయిస్తాడు," అన్నాను.

డాక్టరు దీపం ఆర్పాడు. "ఎలా జరిగింది?"

"కీబోర్డు పెట్టె మూత పడింది," అంది అమ్మ వెంటనే. అంత తేలిగ్గా, అంత అతుకు లేకుండా అంది. "బరువైంది బాబూ. ఇద్దరూ కలిసి ఎత్తుతుంటే జారి పడింది. అమ్మాయికీ అదే తగిలింది."

డాక్టరు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల చూస్తూ, "అవును. మూతే," అన్నాడు.

అబద్ధం చెప్పడం వాడికి రాదు. చిన్నప్పుడు కప్పు పగలగొట్టి, పగలగొట్టలేదని చెప్పలేక జ్వరం తెచ్చుకున్నాడు. అలాంటివాడు ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లిగా నొక్కింది. ఇంక నేను తల ఊపితే చాలు. వాడు నన్ను కాపాడటానికే కొట్టాడు. వాడి మీద కేసు పడనివ్వకూడదు. అన్నీ నిజమే. నా నోటి దాకా కూడా వచ్చింది ఆ మూత.

"మూత కాదు డాక్టరుగారూ," అన్నాను. "గుద్దాడు. లోపల పడుకున్నాయన మా మావయ్య, ఆయన్ని మావాడు గుద్దాడు. ఆయన నన్ను కొడుతుంటే మొదలుపెట్టాడు. ఆయన కింద పడి, కదలడం మానేశాక కూడా ఆపలేదు. ఆ ఎముకలు అప్పుడు విరిగాయి. ఇదివరకు మా బృందంలో ఒకాయనకి వేళ్లు విరిగాయి. ఆయన మీద మాత్రం నిజంగా మూతే పడింది. వేసింది మా మావయ్య. నేను అప్పుడూ పక్కనే ఉన్నాను."

అమ్మ చెయ్యి నా మోకాలి మీంచి జారిపోయింది. తమ్ముడు తలెత్తి నా వైపు చూశాడు. వాడి కళ్లలోకి నీళ్లు అప్పుడొచ్చాయి, ఎముక విరిగినప్పుడు కూడా రాలేదు.

"నా సంగతి కూడా చెప్పేశావా అక్కా?"

"నీ సంగతే ముందు చెప్పాను."

అమ్మ లేచి, మావయ్య ఉన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుని, మొదటి నుంచి చెప్పమన్నాడు. తమ్ముడు ఎడమచేత్తో నా కొంగు పట్టుకుని ఏడుస్తుంటే, నేను చెప్పడం మొదలుపెట్టాను.